రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారిలో కిడ్నీ రాళ్లు

కిడ్నీలో రాళ్లున్నవారికి యూరాలజిస్టు వైద్యం చేస్తాడు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకునేవారిని గుండె వైద్యుడో, న్యూరాలజిస్టో చూస్తాడు. రెండు బాధలూ ఒక్కరికే వస్తే ఆ మనిషి ఇద్దరు వైద్యుల మధ్య నలిగిపోతాడు. రాయి మూత్రనాళంలో గీరుకుంటూ దిగితే నెత్తురు వస్తుంది. దాన్ని పగలగొట్టినా, బయటికి తీసినా నెత్తురు వస్తుంది. మాత్ర ఆ నెత్తురును త్వరగా ఆగనివ్వదు. అలాగని మాత్ర మానేస్తే గుండె వాల్వు మీద గడ్డ ఏర్పడి, మెదడుకు చేరి పక్షవాతం తేవచ్చు, గుండెలో వేసిన స్టెంటులో ఏర్పడితే గుండెపోటు తేవచ్చు. ఇలాంటప్పుడు ఇంట్లోనూ, తరచు ఆసుపత్రిలోనూ ముందుగా వినిపించే ప్రశ్న “మాత్ర ఎన్ని రోజులు ఆపాలి?” అనేదే. అందుబాటులో ఉన్న సాక్ష్యాన్ని వరసగా పరిశీలిస్తే ఈ ప్రశ్న వెనక్కి జరగాలని తేలుతుంది. అంతకు ముందు అడగవలసినవి రెండున్నాయి. ఆ మాత్ర ఏ కారణంతో మొదలైంది? దాన్ని ఆపకుండానే ఈ రాయికి చేయదగిన వైద్యం ఉందా? ఎక్కువ సందర్భాల్లో మందుకు తగ్గట్టుగా రాయి వైద్యాన్ని ఎంచుకోవాలి గాని, రాయి కోసం మందును పక్కన పెట్టకూడదు. దీనికి మినహాయింపులున్నాయి. అవి ఎక్కడ మొదలవుతాయో గుర్తించడమే ఇందులో అసలు కష్టం.

వాడుకలో వీటన్నిటినీ “రక్తం పలచబడే మందులు” అంటారు గాని, ఇవి రెండు వేరు వేరు కుటుంబాలు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వంటివి రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తాయి. గుండెలో స్టెంటు వేయించుకున్నవారు వాడేవి ప్రధానంగా ఇవే. వార్ఫరిన్, ఎసినోకుమరాల్, హెపారిన్, డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటివి గడ్డను గట్టిపరిచే ప్రొటీన్ల మీద పనిచేస్తాయి. కృత్రిమ వాల్వు ఉన్నవారికి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో గుండె లయ తప్పినవారికి, కాళ్ల సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు వచ్చినవారికి ఇవి రాస్తారు. వార్ఫరిన్ పుట్టుక విచిత్రమైనది. 1920లలో ఉత్తర అమెరికాలో చెడిపోయిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు నెత్తురు కారి చచ్చిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. ఆ వరసలో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషుల వైద్యానికి అనుమతి పొందింది. ఈ మందుల్లో ఏది ఎంతసేపు పనిచేస్తుందన్నది రాయి వైద్యంలో నిర్ణాయకమైన విషయం. వార్ఫరిన్ ప్రభావం పూర్తిగా తగ్గడానికి సుమారు 5 రోజులు పడుతుంది. మన దేశంలో విస్తృతంగా వాడే ఎసినోకుమరాల్‌కు రెండు మూడు రోజులు చాలు. డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త తరం మందులకు ఒకటి రెండు రోజులు సరిపోతాయి, కిడ్నీలు బాగా పనిచేస్తుంటేనే. డాబిగాట్రాన్‌లో సుమారు 80 శాతం కిడ్నీల గుండానే బయటికి పోతుంది. రాయి అడ్డుపడి కిడ్నీ పని మందగిస్తే ఆ మందు ఒంట్లో పేరుకుంటుంది, మోతాదు మార్చకపోయినా రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అందువల్ల ఈ మందులు వాడేవారికి రాయి నొప్పి వచ్చిన రోజున కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వాడేవారికి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే కొలత) కూడా చూడాలి.

నడుం పక్కన నొప్పి, ఎర్రటి మూత్రం కనబడగానే రాయి అనుకోవడం సహజం. ఇది వరకు రాయి వచ్చిన మనిషైతే అనుమానమే రాదు. ఈ మందులు వాడేవారిలో మాత్రం ఆ తొందర ప్రమాదకరం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషి నాలుగు రోజులు మాత్ర మరిచిపోతే గుండెలో పుట్టిన గడ్డ కిడ్నీ ధమనిలో ఇరుక్కోవచ్చు. ఆ నొప్పి అచ్చం రాయి నొప్పిలాగే ఉంటుంది. దీనికి సరిగ్గా విరుద్ధంగా మందు ఎక్కువైతే కిడ్నీ చుట్టూ నెత్తురు చేరి అదే చోట అదే నొప్పి వస్తుంది. మొదటిదానికి మందు కావాలి, రెండోదానికి మందు ఆపాలి. కాంట్రాస్టు ఎక్కించకుండా తీసే మామూలు సీటీ స్కాన్‌లో రాయి, నెత్తురు గడ్డ బాగానే కనిపిస్తాయి గాని, ధమని మూసుకుపోయిన సంగతి తేలాలంటే కాంట్రాస్టు ఎక్కించాలి. స్కాన్‌లో రాయి కనబడకపోతే “పడిపోయి ఉంటుంది” అని పంపించడం ఈ రోగుల విషయంలో తగదు. అలాగే మూత్రంలో నెత్తురు కనబడితే “మందు వల్లే” అని సరిపెట్టుకోవడం మరో పొరపాటు. సాధారణంగా మందు నెత్తురును పుట్టించదు, ఉన్న పుండునో గీతనో బయటపెడుతుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో లక్షలాది మంది రికార్డులు పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మందులు వాడేవారిలో ఆరు నెలల్లోపు మూత్రాశయ క్యాన్సర్ బయటపడిన శాతం వాడనివారికంటే దాదాపు రెట్టింపు ఉంది. క్యాన్సర్‌ను మందు తెచ్చిందని దాని అర్థం కాదు, ముందుగా పట్టించిందని. అందుకే మందు వాడుతున్నా వాడకపోయినా మూత్రంలో నెత్తురుకు పరీక్షలు ఒకేలా చేయాలని అమెరికా యూరాలజీ సంఘం 2020 మార్గదర్శకాల్లో చెప్పింది.

నొప్పి దగ్గరే మొదటి పెద్ద తప్పు జరుగుతుంది. రాయి నొప్పికి మన ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గర నుంచి కార్పొరేట్ ఆసుపత్రి వరకు వెంటనే చేసేది డిక్లోఫెనాక్ సూది. అది బాగా పనిచేస్తుంది, అందులో వివాదం లేదు. కాని రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారికి అది మూడు విధాల హాని చేయవచ్చు. కడుపులో పుండు పడితే నెత్తురు ఆగదు. ప్లేట్‌లెట్ల పనిని తగ్గిస్తుంది గనుక రెండు మందుల ప్రభావం కలిసిపోతుంది. పిరుదు కండలోకి పొడిచిన చోట లోపల నెత్తురు గూడుకట్టి కాలంతా వాచిపోవచ్చు. ఇంత తీవ్రమైన నొప్పికి అంతకంటే మంచి మందు లేనప్పుడు ఆ మాత్రం ముప్పు తప్పదు కదా అనే వాదన ఒకటుంది. దానికి జవాబు ఖతార్‌లో దొరికింది. అక్కడ 1,645 మంది కిడ్నీ నొప్పి రోగుల మీద జరిగిన పరీక్ష 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అరగంటలో నొప్పి సగానికి తగ్గినవారు డిక్లోఫెనాక్ సూదితో 68 శాతం, నరానికి ఎక్కించిన పారాసెటమాల్‌తో 66 శాతం, మార్ఫిన్‌తో 61 శాతం. అంటే ఏ ఊరి నర్సింగ్ హోంలోనైనా దొరికే, చవకైన పారాసెటమాల్ సెలైన్ బాటిల్ దాదాపు అంతే పని చేస్తోంది. చాలకపోతే మార్ఫిన్ వంటివి జోడించవచ్చు. ట్రమడాల్ ఇస్తే ఐఎన్ఆర్ పెరిగే అవకాశం ఉంది, కాబట్టి దాన్ని గమనించాలి. ఈ రోగికి డిక్లోఫెనాక్ ఇవ్వవద్దని చెప్పేటప్పుడు అతణ్ని నొప్పితో వదిలేయమని ఎవరూ అడగడం లేదు. వాల్వు మార్పిడి అయినవారు, స్టెంటు ఉన్నవారు తాము వాడే మాత్ర పేరు రాసిన కాగితం ఒకటి జేబులో పెట్టుకోవడం అందుకే అవసరం. సూది వేసే మనిషికి ఆ సంగతి నోటితో చెప్పే ఓపిక ఆ నొప్పిలో రోగికి ఉండదు.

నొప్పి తగ్గాక కాలం రోగి పక్షాన ఉంటుంది. 5 మిల్లీమీటర్లు, అంతకంటే చిన్న రాళ్లు మూత్రనాళంలోకి దిగితే సుమారు 68 శాతం వాటంతటవే పడిపోతాయి. 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవి 47 శాతం. కిడ్నీ పనితీరు నిలకడగా ఉండి, జ్వరం లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చూడవచ్చు. మాత్ర ఒక్క పూట కూడా తప్పనవసరం లేదు. ఈ గడువు ఎవరికి చెల్లదో స్పష్టంగా చెప్పుకోవాలి. రాయి అడ్డుపడిన కిడ్నీలో చీము చేరితే, అంటే నొప్పితో పాటు చలిజ్వరం వస్తే, అది గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే స్థితి. అప్పుడు రాయిని తీయడం గురించి ఆలోచించరు, ముందు మూత్రానికి దారి చేస్తారు. ఆ దారి రెండు రకాలు. ఒకటి వీపు నుంచి కిడ్నీలోకి సూదితో గొట్టం వేయడం, రెండోది మూత్రమార్గం గుండా కిందినుంచి డీజే స్టెంటు అనే సన్నటి గొట్టం ఎక్కించడం. మామూలు రోగుల్లో రెండూ సమానమే. మందు ప్రభావంలో ఉన్న మనిషికి కిడ్నీని గుచ్చకుండా చేసే రెండోదే మేలు. మందు ప్రభావం దిగేదాకా చీమును ఆపి ఉంచడం ఏ లెక్కన చూసినా తప్పు. జ్వరం తగ్గాక, రాయిని ఎప్పుడు ఎలా తీయాలో తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు. ఈ దశలో ఇచ్చే యాంటీబయాటిక్కుల మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. సిప్రోఫ్లాక్ససిన్, కోట్రైమాక్సజోల్, మెట్రోనిడజోల్ వంటివి వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచుతాయి. నెలల తరబడి 2.5 దగ్గర నిలకడగా ఉన్న ఐఎన్ఆర్ వారంలో హద్దు దాటిపోవచ్చు.

రాయిని తీసే పద్ధతుల్లో అన్నిటికంటే సాత్వికంగా కనిపించేది బయటినుంచి షాక్ తరంగాలు పంపి పగలగొట్టడం. 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ బృందం మొదటి రోగికి ఈ చికిత్స చేసినప్పటి నుంచి, కోత లేదు కాబట్టి నెత్తురు సమస్యా లేదన్న అభిప్రాయం జనంలో బలంగా నాటుకుంది. నిజం దానికి తలకిందులుగా ఉంది. తరంగం రాయిని కొట్టేటప్పుడు చుట్టూ ఉన్న కిడ్నీ కణజాలం కూడా దెబ్బ తింటుంది. మందులేమీ వాడని రోగుల్లోనే బాధ తెలియని చిన్న రక్తపు గూళ్లు 4 నుంచి 19 శాతం మందిలో స్కాన్లలో కనబడతాయి. బాధపెట్టేవి మాత్రం 1 శాతం లోపే. గడ్డకట్టే శక్తి తగ్గిన మనిషిలో ఆ చిన్న గూడు ఆగకుండా పెరిగితే బయటినుంచి నొక్కి ఆపే వీలు లేదు. అందుకే గడ్డకట్టే గుణం సరిచేయని రోగికి ఈ చికిత్స నిషిద్ధం. వీపు నుంచి రంధ్రం చేసి రాయిని తీసే పీసీఎన్ఎల్ పద్ధతి 1976 నుంచి ఉంది. రెండు సెంటీమీటర్లు దాటిన రాళ్లకు ఈనాటికీ ప్రధానమైన వైద్యం అదే. కాని నెత్తురుతో నిండి ఉండే అవయవాన్ని తొలుచుకుంటూ వెళ్లే పద్ధతి అది. సాధారణ రోగుల్లోనే 100 మందిలో ఆరేడుగురికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. మిగిలింది యురెటరోస్కోపీ. సహజంగా ఉన్న దారి గుండానే సన్నటి గొట్టం పంపి, హోల్మియం లేజర్‌తో రాయిని పొడిచేస్తారు. ఇక్కడ కణజాలాన్ని కొయ్యడం లేదు, గుచ్చడం లేదు. మందు ఆపకుండా దీన్ని చేసిన రోగుల్లో రాయి పూర్తిగా పోయిన శాతం ఇతరులతో దాదాపు సమానంగా ఉండి, చిన్నపాటి రక్తస్రావం కొంత ఎక్కువగా కనబడింది. మందును ఆపలేని రోగులకు మొదటి ఎంపికగా దీన్నే చేయాలని అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఈ పద్ధతికి ఖర్చు ఎక్కువని, తర్వాత కొన్నాళ్లు ఉంచే డీజే స్టెంటు మూత్రంలో మంట, నొప్పి తెస్తుందని అనేవారి మాట నిజమే. ఆ మంట స్టెంటు తీయగానే పోతుంది. పక్షవాతం వస్తే అలా పోదు.

ఈ వాదనకు అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరే చోట ఉంది. మందును కొద్ది రోజులు ఆపడం అంత ప్రమాదం కాదని పెద్ద పరీక్షలే చెప్పాయి కదా అని అడగవచ్చు. నిజమే. 2015లో వెలువడిన బ్రిడ్జ్ పరీక్షలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న 1,884 మందికి ఆపరేషన్ కోసం వార్ఫరిన్ ఆపారు. సగం మందికి ఆ ఖాళీలో హెపారిన్ జాతి సూది ఇచ్చారు, మిగతావారికి మందు లేని ఉత్త సూది. గడ్డ వల్ల వచ్చే ప్రమాదం హెపారిన్ సూది తీసుకోనివారిలో 0.4 శాతం, తీసుకున్నవారిలో 0.3 శాతం. పెద్ద రక్తస్రావం మాత్రం 1.3 శాతం, 3.2 శాతం. అంటే ఖాళీని సూదితో పూడ్చడం వల్ల లాభం లేదు, నష్టమే ఉంది. కొత్త తరం మందుల మీద 3,007 మందితో జరిగిన పాజ్ అధ్యయనం 2019లో వచ్చింది. నెత్తురు తక్కువగా పోయే చికిత్సలకు ఒక రోజు, ఎక్కువగా పోయేవాటికి రెండు రోజులు ముందు ఆపే పద్ధతిని అందులో పాటించారు. ఏ మందు వాడినవారిలోనూ పెద్ద రక్తస్రావం 2 శాతం దాటలేదు. ఈ ఫలితాలు విలువైనవి, పీసీఎన్ఎల్ తప్పని పెద్ద రాయి ఉన్నవారికి వీటి అండతోనే ధైర్యంగా మందు ఆపగలుగుతున్నారు. కాని వాటి హద్దులు చూడాలి. అవి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగులకు, రోజులు లెక్కగట్టి ఆపి, లెక్క ప్రకారం మళ్లీ మొదలుపెట్టిన ఏర్పాటుకు చెందినవి. ఎవరో చెప్పారని మాత్ర మానేసి, మూత్రం తెల్లబడేదాకా పదిహేను రోజులు ఊరుకోవడానికి అవి సాక్ష్యం కావు. కృత్రిమ లోహపు వాల్వు ఉన్నవారిని బ్రిడ్జ్ పరీక్షలో చేర్చుకోనేలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చివరి మాటకు బరువెక్కువ. చిన్నతనంలో వచ్చిన కీళ్ల జ్వరం గుండె కవాటాలను పాడుచేయడం ధనిక దేశాల్లో చాలావరకు తగ్గిపోయినా మన దేశంలో ఇంకా ఉంది. అందువల్ల ముప్ఫై, నలభై ఏళ్లకే లోహపు వాల్వు వేయించుకుని జీవితాంతం ఎసినోకుమరాల్ మీద ఉండేవారు మన పల్లెల్లో కనిపిస్తారు. రాళ్లు ఎక్కువగా వచ్చే వయసూ అదే. ఎండలో పనిచేసి, చాలినంత నీరు తాగే వీలులేని బతుకు రాళ్లను పెంచుతుంది. వీరికి కొత్త తరం మందులకు మారే దారి కూడా లేదు. లోహపు వాల్వు రోగుల్లో డాబిగాట్రాన్‌ను వాడి చూసిన పరీక్షను గడ్డలూ, రక్తస్రావమూ రెండూ పెరగడంతో ఆపివేసి 2013లో ఫలితాలు ప్రకటించారు. కీళ్ల జ్వరం వల్ల కవాటం దెబ్బతిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చినవారిలో రివరాక్సబాన్ కంటే పాత మందే మేలని 2022లో ఇన్విక్టస్ పరీక్ష తేల్చింది. కాబట్టి లోహపు మైట్రల్ వాల్వు ఉన్న రోగికి మందు ఆపక తప్పకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని, ఆ ఖాళీని హెపారిన్‌తో పూడ్చి, చికిత్స అయ్యాక మళ్లీ మాత్ర మొదలుపెట్టాలి. గుండెలో స్టెంటు కొత్తగా వేసినవారి సంగతీ ఇంతే సున్నితం. మొదటి నెలలో రెండు ప్లేట్‌లెట్ మందులూ ఆపితే స్టెంటు మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. ఆరు నెలలు, గుండెపోటుకు వేసినదైతే ఏడాది, తొందరలేని రాయి ఆపరేషన్‌ను వాయిదా వేయడం సాధారణ నియమం. అదే సమయంలో, స్టెంటు గాని పాత గుండెపోటు గాని లేకుండా ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ వేసుకునేవారికి ఇంత పట్టుదల అవసరం లేదు. 10,010 మంది మీద జరిగిన పాయిస్-2 పరీక్షలో (2014) ఆపరేషన్ సమయంలో ఆస్పిరిన్ వాడటం మరణాలనూ గుండెపోట్లనూ తగ్గించలేదు, పెద్ద రక్తస్రావాన్ని 3.8 నుంచి 4.6 శాతానికి పెంచింది. మాత్ర ఎందుకు మొదలైందన్న ప్రశ్న ముందు రావాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఒకే ఆస్పిరిన్ ఒకరికి ప్రాణాధారం, మరొకరికి నిశ్చింతగా మానదగినది.

ఆగి చూడటం అన్ని రాళ్లకూ మంచిదని దీన్నుంచి తీర్మానించకూడదు. ఒక్కోసారి వాదన తిరగబడుతుంది. నొప్పి లేని ఏడెనిమిది మిల్లీమీటర్ల రాయి మామూలు మనిషికి వదిలేసినా పెద్ద చిక్కు లేదు, ఎప్పుడైనా బాధపెడితే అప్పుడు తీయవచ్చు. జీవితాంతం మందు మీద ఉండవలసిన మనిషికి ఆ “ఎప్పుడైనా” అన్నది అర్ధరాత్రి, దూరపు ఊళ్లో, ఐఎన్ఆర్ ఎంత ఉందో తెలియని స్థితిలో రావచ్చు. గుండె నిలకడగా ఉన్నప్పుడు, ఇద్దరు వైద్యులూ మాట్లాడుకుని, యురెటరోస్కోపీతో ముందే తీసేయడం ఇలాంటివారికి తెలివైన పని. మందు ఉందన్న భయంతోనే రాళ్లను పెరగనిస్తే అవి రెండు సెంటీమీటర్లు దాటి, తప్పించుకోవాలనుకున్న పీసీఎన్ఎల్‌కే దారితీస్తాయి.

తిండి విషయంలో రెండు వైద్యాల సలహాలు నేరుగా ఢీకొంటాయి. పాలకూర, తోటకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్ ఎక్కువని రాళ్ల రోగికి మానేయమంటారు. వార్ఫరిన్, ఎసినోకుమరాల్ విటమిన్ కె మీద పనిచేసే మందులు, ఆకుకూరలు ఆ విటమిన్‌కు గని. రోజూ పప్పులో ఆకుకూర తినే మనిషి రాయి భయంతో ఒక్కసారిగా మానేస్తే ఐఎన్ఆర్ పైకి పోతుంది. తగ్గించాలనుకుంటే మెల్లగా తగ్గించి, మధ్యలో పరీక్ష చేయించుకోవాలి. కొత్త తరం మందులకు ఈ పట్టింపు లేదు. పాలు, పెరుగు మానేయడం మాత్రం ఎవరికీ పనికిరాదు. ఇటలీలో 120 మంది మీద బోర్గి బృందం చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో, కాల్షియం తగ్గించినవారిలో 5 ఏళ్లలో 38 శాతం మందికి రాళ్లు తిరిగి వచ్చాయి. కాల్షియం మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించినవారిలో 20 శాతం మందికే వచ్చాయి. ఊరగాయల ఉప్పు తగ్గించడం టమాటా గింజలు తీసేయడం కంటే ఎంతో విలువైన పని. టమాటాలో ఆక్సలేట్ తక్కువ, దాని గింజలు రాళ్లవుతాయన్నది ఆధారం లేని మాట. రోజుకు కనీసం రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీరు తాగాలన్నది రాళ్ల వైద్యంలో గట్టి సలహా. గుండె బలహీనపడి కాళ్ల వాపులతో ఉన్నవారికి అదే సలహా ఆయాసం తెస్తుంది, వారి నీటి కొలత గుండె వైద్యుడే చెప్పాలి. రణపాల ఆకు, కొండపిండి కూర, అరటి దూట రసం, ఉలవకట్టు రాళ్లను కరిగిస్తాయని ఊళ్లలో గట్టి నమ్మకం. కాల్షియం ఆక్సలేట్ రాయి వీటితో కరుగుతుందనడానికి నమ్మదగిన సాక్ష్యం లేదు. ఉలవకట్టు వంటకంగా తినడంలో హాని లేదు గాని, రణపాల జాతి మొక్కల్లో గుండె లయను మార్చే బుఫాడైఎనోలైడ్లు అనే పదార్థాలు ఉన్నాయి, వాటిని మేసి పశువులు చనిపోయిన ఉదంతాలున్నాయి. గుండె జబ్బుతో డిగాక్సిన్ కూడా వాడేవారు దాని రసం తాగడం తగదు.

నిజంగా మందుతో కరిగే రాయి ఒకటుంది. మొత్తం రాళ్లలో సుమారు పదో వంతుగా ఉండే యూరిక్ యాసిడ్ రాయి పుల్లటి మూత్రంలో ఏర్పడుతుంది. పొటాషియం సిట్రేట్‌తో మూత్రం ఆమ్లగుణాన్ని తగ్గించి పీహెచ్‌ను 6.5 దాటిస్తే కొన్ని వారాల్లో, నెలల్లో అది కరిగిపోతుంది. గొట్టం లేదు, తరంగం లేదు, మాత్ర ఆపడం లేదు. ఎక్స్‌రేలో కనబడకుండా సీటీలో తక్కువ సాంద్రతతో కనబడటం, మూత్రం పీహెచ్ ఎప్పుడూ 5.5 లోపే ఉండటం దీని గుర్తులు. రక్తం గడ్డకట్టకుండా మందు వాడే రోగికి ఏ చికిత్స తలపెట్టినా ఈ రెండు విషయాలూ ముందు చూడాలి. గుండె జబ్బులో తరచుగా రాసే రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటివి వాడుతున్నవారికి పొటాషియం సిట్రేట్ ఇస్తే రక్తంలో పొటాషియం పెరగకుండా పరీక్షలు చేయిస్తూ ఉండాలి. అది కుదరనివారికి సోడియం బైకార్బొనేట్ ఇస్తారు, దానివల్ల నీరు చేరకుండా గుండె వైద్యుడు చూసుకుంటాడు. ఇదివరకు పడిపోయిన రాయి దొరికితే దాన్ని విశ్లేషణకు పంపడం అన్నిటికంటే కచ్చితమైన ఆధారం.